ఈ ఏడాది ఏ నడుము ఫ్యాషన్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఇంచుమించు ఒకే సంగతి మీద, ఆడవాళ్ళ ఒళ్ళు ఎలా కనిపించాలన్నదాని మీద ఉన్నాయి. రాసినవాళ్ళ వయసులు 26, 43, 61. అందుకే మిగతావి వచ్చే సంచికకి ఉంచి ఈ మూడూ కలిపి ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంటర్‌లో నన్ను చీపురుపుల్ల అనేవాళ్ళు, చుట్టాలొస్తే "మీ అమ్మ అన్నం పెట్టట్లేదేంటే" అని అందరి ముందూ అడిగేవాళ్ళు. అమ్మ తట్టుకోలేక సున్నుండలు, నెయ్యి, చివరికి మందుల షాపులో అడిగి ఆకలి పుట్టే మాత్రలు కూడా తెచ్చిపెట్టింది. డిగ్రీ అయ్యేసరికి నడుము సన్నగా, వెనక నిండుగా ఉండాలని ఎక్కడ చూసినా వీడియోలే. జిమ్‌లో చేరి స్క్వాట్లు చేసి చేసి మోకాలు నొప్పి తెచ్చుకున్నాను. ఇప్పుడేమో అదంతా పాతబడిపోయింది, మళ్ళీ సన్నగా ఉండటమే గొప్ప, లంచ్ టైంలో మా ఆఫీసులో ఇంజెక్షన్ల గురించి తప్ప వేరే మాట లేదు. మాఘంలో నా పెళ్ళి. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 58 కేజీలు. మొన్న జాకెట్లకి కొలతలివ్వడానికి వెళ్తే టైలర్ "పెళ్ళికి ఎలాగూ తగ్గుతారుగా మేడం, అంగుళం తక్కువే పెడతా" అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. అసలు నేనెలా ఉండాలి? — కె., హైదరాబాద్

జవాబు: ముందు ఆ టైలర్ సంగతి తేల్చు. రేపే వెళ్ళి కొలతలు ఉన్నవి ఉన్నట్టు పెట్టమని చెప్పు, పక్క కుట్ల లోపల అంగుళంన్నర గుడ్డ వదలమను. అతనేదో చెడ్డవాడని కాదు, పెళ్ళికూతుళ్ళందరూ అదే మాట చెప్పి చెప్పి అతనికీ అలవాటైపోయినట్టుంది.

మా అమ్మ పెళ్ళి జాకెట్టు నా దగ్గరే ఉంది, ఆకుపచ్చ పట్టు. లోపలికి తిప్పి చూస్తే చంక కింద నుంచి నడుము దాకా మూడు వరసల సూది గుర్తులు కనిపిస్తాయి. మొదటి వరస పెళ్ళినాటిది, రెండోది అన్నయ్య పుట్టాక విప్పి వదులు చేసుకున్నది, మూడోది నేను పుట్టాక. ఇవికాక టైఫాయిడ్ వచ్చి చిక్కిపోయిన ఏడు చేత్తో లోపలికి వేసుకున్న వంకర కుట్టు ఒకటి. కుట్టు విప్పినచోట పట్టుకి ఎండ తగల్లేదు కాబట్టి అక్కడ మాత్రం ఇంకా ముదురాకుపచ్చే. ఒళ్ళు మారినప్పుడల్లా జాకెట్టు మారింది, అమ్మ దాన్ని ఇరవై ఏళ్ళు తొడిగింది. నీ తరానికి వచ్చేసరికి జాకెట్టు అలాగే ఉంటుంది, నువ్వు మారి అందులోకి రావాలి అంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నీ పదేళ్ళ కథ చదువుతుంటే నాకొకటే అనిపించింది: ఒకటే ఒంటిని ముందు తక్కువన్నారు, తర్వాత సరైన చోట లేదన్నారు, ఇప్పుడు ఎక్కువన్నారు. తప్పు ఒంటిదే అయితే మాట మారకూడదు కదా! ఇది నీకొక్కదానికే జరిగిందీ కాదు. 1920ల్లో పాశ్చాత్య దేశాల అమ్మాయిలు ఛాతీ కనపడకుండా గుడ్డ బిగించి కట్టుకుని మగపిల్లల్లా ఉండటమే నాజూకనుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే అమెరికా పత్రికల్లో, సన్నగా ఉంటే నిన్నెవరు చూస్తారు, మా మందు వాడి ఒళ్ళు చెయ్యి అని ప్రకటనలు వేశారు. నవ్వుకోకు, మీ అమ్మ తెచ్చిన మాత్రల కథా అదే. 1966లో ట్విగ్గీ అనే పదహారేళ్ళ లండన్ మోడల్ పిల్ల పుల్లలా వచ్చింది, ఒక్కసారిగా ఆ నిండుదనమంతా పాతబడిపోయింది. మన దగ్గర 2008లో కరీనా కపూర్ పుణ్యమా అని 'సైజ్ జీరో' అనే మాట పల్లెటూరి పెళ్ళిళ్ళ దాకా వెళ్ళింది. తర్వాత నిండైన వెనక భాగంతో పేరు తెచ్చుకున్న అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ కాలం. ఆ వెనక భాగం కోసం ఒంట్లో ఒకచోట కొవ్వు తీసి ఇంకోచోట ఎక్కించే ఆపరేషన్ ఎంతమంది చేయించుకున్నారంటే, కాస్మెటిక్ సర్జరీల్లో ప్రాణాపాయం దీనికే ఎక్కువని 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలే హెచ్చరించాల్సి వచ్చింది. ఇప్పుడు అదీ అయిపోయింది, మళ్ళీ సన్నం. కొవ్వు ఎక్కించుకున్నవాళ్ళు ఇప్పుడేం చెయ్యాలి మరి?

మన వెనకటి కాలం అమాయకమైందని కూడా చెప్పను. ప్రబంధ కవులు నాయిక నడుము ఉందా లేదా అని పద్యాల కొద్దీ సందేహపడ్డారు, అంత సన్నని నడుము మీద మిగతా బరువంతా ఎలా నిలుస్తుందో వాళ్ళు ఆలోచించలేదు. అమరావతి శిల్పాల్లో ఆడవాళ్ళకి తుంటి విశాలం. 1213 నాటి రామప్ప గుడికెళ్ళి చూడు, ఆ నల్లరాతి మదనికలు పొడుగ్గా, సన్నగా, రివటల్లా ఉంటారు, ఒకావిడ కాళ్ళకి హీల్స్ లాంటి చెప్పులు కూడా ఉన్నాయి. 1957లో శశిరేఖగా సావిత్రిని చూసినవాళ్ళెవరూ ఈవిడ ఓ ఐదు కేజీలు తగ్గితే బాగుండునని అనుకోలేదు. ఇవాళైతే కింద కామెంట్లు ఎలా ఉండేవో నీకే తెలుసు.

తిండి కరువైన రోజుల్లో బొద్దుగా ఉండటం కలిమికి గుర్తు. "ఒళ్ళు చేశావే, అత్తారిల్లు బాగా చూస్తున్నట్టుంది" అన్నది అప్పట్లో మెచ్చుకోలు. ఇప్పుడు చిప్స్ ప్యాకెట్ పది రూపాయలకి దొరుకుతుంది, పని కుర్చీలో కూర్చుని చేసేది, అలాంటప్పుడు సన్నగా ఉండటానికే టైమూ డబ్బూ కావాలి, అందుకని సన్నం గొప్పయింది. ఎక్కువమందికి సులువుగా దొరకనిదే ఎప్పుడూ అందం అవుతుంది. అందరికీ దొరికితే అమ్మేదేముంటుంది?

పైగా కొన్ని నీ చేతిలో లేవు. తుంటి ఎముక వెడల్పు స్క్వాట్లతో మారదు, కండ పెరుగుతుందంతే. కొవ్వు పొట్ట మీద చేరాలా తొడల్లో చేరాలా అన్నది చాలావరకు వంశమూ హార్మోన్లూ చూసుకుంటాయి. ఒక్క చోట మాత్రమే కరిగిస్తామని చెప్పే జిమ్ కోచ్‌కి డబ్బులివ్వకు.

నీ లెక్క చూద్దాం. నువ్వు చెప్పిన ఎత్తూ బరువుకి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, 22.7 దాకా వస్తుంది, మనవాళ్ళకి 23 దగ్గర నుంచి జాగ్రత్తపడమంటారు, అంటే నువ్వు దాటలేదు. అసలీ బీఎంఐ కూడా 1830ల్లో బెల్జియం లెక్కల పండితుడు కెట్లే జనాభా సగటు చూడటానికి కట్టిన సూత్రం, ఒక్కో మనిషికి మార్కులెయ్యడానికి కట్టింది కాదు. దానికంటే టైలర్ టేపు నయం: చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన, పొట్ట బిగపట్టకుండా కొలుచుకో. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే షుగరూ గుండె సంగతీ చూపించుకోవాలి. దాటకపోతే ఆ టేపు డ్రాయరులో పెట్టెయ్. హిమోగ్లోబిన్ మాత్రం తప్పకుండా చేయించు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. దాని మీద ఎవరూ రీల్స్ చెయ్యరు.

ఇక మీ ఆఫీసులో చెప్పుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. నిజంగా అవసరమైనవాళ్ళకి మంచి మందులే, వాడేవాళ్ళని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. బరువు కోసమైతే బీఎంఐ 30 దాటినవాళ్ళకి, లేదా 27 దాటి షుగరో బీపీయో లాంటిది కూడా ఉన్నవాళ్ళకి డాక్టర్ రాసేవి అవి. అవి కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గించి ఆకలి చంపుతాయి, కొవ్వుతో పాటు కొంత కండా పోతుంది. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మీద జరిగిన ఒక పెద్ద ట్రయల్‌లో, మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. నీకు ఇంకోటి కూడా ముఖ్యం: పిల్లల కోసం అనుకుంటే ఆ మందు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. పెళ్ళి ఫొటోల కోసం వాడి, పెళ్ళయ్యాక అత్తగారి "ఏమన్నా విశేషమా" మధ్యలో ఈ లెక్కలు వేసుకుంటావా?

ఎలా ఉండాలి అన్నావు. పెళ్ళిపీటల మీద మూడు గంటలు కళ్ళు తిరక్కుండా కూర్చోగలిగేలా ఉండు. లంచ్‌లో ఆ కబుర్లు మొదలైతే వేరే బల్ల దగ్గర కూర్చో, నాలుగు రోజులు ఏదో అనుకుంటారు, ఐదో రోజుకి వాళ్ళకి వేరే టాపిక్ దొరుకుతుంది. మోకాలు మాత్రం డాక్టరుకి చూపించుకో, నువ్వు అదేదో మామూలే అన్నట్టు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు.

ప్రశ్న: మేడం, మా పాప పదో తరగతి. ఆర్నెల్ల నుంచి అన్నం మానేసింది, కంచం తన గదిలోకి తీసుకెళ్ళి తింటానంటుంది, తర్వాత చూస్తే చెత్తబుట్టలో ఉంటోంది. ఎండల్లో కూడా వాళ్ళ నాన్న చొక్కాలే వేసుకుంటుంది. రోజుకి నాలుగైదుసార్లు బరువు చూసుకుంటుంది. జుట్టు బాగా ఊడుతోంది, రెండు నెలలుగా నెలసరి రాలేదు. మావారు చిన్నప్పటి నుంచీ దాన్ని ముద్దుగా బొండాం అని పిలుస్తారు. ఈ వయసులో అందరూ ఇంతే, వదిలెయ్ అంటున్నారు. — ఒక తల్లి, కరీంనగర్

జవాబు: వదిలెయ్యకండమ్మా. ఇది ఫ్యాషన్ సరదా దాటిపోయింది. తిండి దాచడం, బరువు పదే పదే చూసుకోవడం, నెలసరి ఆగడం, జుట్టు ఊడటం ఇవన్నీ కలిసి వచ్చాయంటే అనొరెక్సియా, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు, లాంటిదేమో చూడాలి. అది పొగరు కాదు, మొండితనం కాదు, ప్రాణం మీదకి తెచ్చే జబ్బు. ఈ వారంలోనే ముందు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి రక్త పరీక్షలూ గుండె వేగమూ చూపించండి, వాళ్ళనే అడిగి మానసిక వైద్యుల దగ్గరికీ వెళ్ళండి. కళ్ళు తిరిగి పడిపోతే, ఛాతీలో దడగా ఉందంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఇంట్లో మీరు చెయ్యాల్సినవి. బరువు చూసే మిషన్ బీరువా మీదికి కాదు, ఇంట్లోంచే పోవాలి. భోజనం తన గదిలో ఒంటరిగా కాదు, మీతో కలిసి, కానీ ప్రతి ముద్దా లెక్కపెడుతూ కూర్చోకండి, టీవీలో ఏదో పెట్టుకోండి పర్లేదు. మీవారికి ఈ పేజీ చూపించండి: బాబూ, మీరు ముద్దుగానే అన్నారు, ఎవరూ కాదనరు, కానీ ఆ పిల్ల అద్దంలో చూసుకున్న ప్రతిసారీ వినపడేది మీ గొంతే. పేరు పెట్టి పిలవండి ఇకమీదట. తప్పైపోయిందని ఒక్కసారి ఆ అమ్మాయితోనే అనండి, నాన్నలు ఆ మాట అనడం చాలా అరుదు కాబట్టి గుర్తుండిపోతుంది.

మీకు కూడా ఒక మాట, ఏమీ అనుకోకండి. చీర కట్టుకునేటప్పుడు అద్దం ముందు "ఛీ ఈ పొట్ట" అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉంది. పిల్లలు అది వినే నేర్చుకుంటారు. ఫోన్ లాక్కోకండి, లాక్కుంటే ఇంకో ఫోన్‌లో చూస్తుంది. పక్కన కూర్చుని, ముఖం సన్నగా చేసే ఫిల్టర్ పెట్టి మీ ముఖం మీదే వేసి చూపించమనండి. మేమూ మా ఇంట్లో చేశాం, నా ముక్కు మాయమైపోయింది, మా మేనకోడలు నవ్వి నవ్వి, ఆ తర్వాత తనంతట తానే "అత్తా, నేనిది లేకుండా ఫొటో పెట్టి రెండేళ్ళయింది" అంది. అలాంటి మాట ఒకటి బయటికొస్తే చాలు, వెంటనే క్లాసు పీకొద్దు.

ప్రశ్న: మా కోడలు చీర కిందకి లంగా మానేసి సాగే గుడ్డతో గొట్టంలాంటిదేదో వేసుకుంటోంది, ఒళ్ళు సన్నగా కనిపిస్తుందట. నా అరవయ్యో పుట్టినరోజుకి నాకూ ఒకటి కొనిచ్చింది. ఏడాదైంది, కవరు కూడా విప్పలేదు. ఈ వయసులో వేసుకోవచ్చా? — రాజమండ్రి నుంచి ఒక అత్తగారు

జవాబు: భేషుగ్గా వేసుకోవచ్చు. దాన్ని షేప్‌వేర్ అంటారు. సన్నగా కనిపించాలని ఒక సైజు తక్కువది కొనకుండా మీ సైజుదే చూసుకోండి, పెళ్ళికో పేరంటానికో ఓ మూడు నాలుగు గంటలు చాలు. గ్యాస్, పుల్లటి తేన్పులు ఉంటే పొట్ట దగ్గర బిగువు పడదు. బాత్రూంకి వెళ్ళాలంటే మొత్తం లాగాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇంట్లో ఒకసారి ప్రాక్టీసు చేసుకుని మరీ వెళ్ళండి, ఇది నవ్వడానికి చెప్పట్లేదు.

అలాగని మన లంగా బొందు మరీ మంచిదేం కాదు. ఏళ్ళ తరబడి లంగా బొందో చీరో ఒకేచోట బిగించి కట్టడంతో నడుము దగ్గర పుండు పడి, మానక, చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు పెద్దావిడల గురించి 2024లో మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాశారు. చాలా అరుదే, కానీ మీకు అక్కడ నల్లగా మచ్చ పడి దురద ఉంటే బొందు వదులు చేసి వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి, మానని పుండైతే చూపించుకోండి.

గొట్టం వేసుకుని ఇంట్లో నాలుగు మెట్లెక్కి చూడండి, అడుగు పడకపోతే మీ పాత లంగాయే మీకు హాయి. కోడలికి మాత్రం బాగుందనే చెప్పండి, పాపం డబ్బు పెట్టి కొంది.