పుట్టిల్లు సరిహద్దు అవతల ఉంటే

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగరీత్యా జోధ్‌పూర్‌లో ఉంటున్నాం. మా పక్కింటి ఆవిడ పుట్టిల్లు పాకిస్తాన్‌లోని ఉమర్‌కోట్ దగ్గర ఒక పల్లె. పెళ్లయి ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2018లో రైల్లో వెళ్లి తల్లిని చూసి వచ్చారు, ఆ తరువాత వెళ్లలేకపోయారు. మొన్న తల్లి కుట్టి ఇచ్చిన రంగురంగుల బొంత చూపించి కంటతడి పెట్టుకున్నారు. ఆడపిల్లను దేశం దాటించి అంత దూరం ఎందుకు ఇస్తారు? ఆ రైలు ఏమైంది? ఆమె మళ్లీ వెళ్లే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, జోధ్‌పూర్

జవాబు: అమ్మా, దూరం అన్నారు కానీ సూటిగా కొలిస్తే జోధ్‌పూర్ నుంచి ఉమర్‌కోట్‌కు 350 కిలోమీటర్లే ఉంటుంది. మన సరిహద్దు స్టేషన్ మునాబావ్ నుంచి అయితే వంద కూడా ఉండదు. రెండు వైపులా అదే థార్ ఎడారి, అదే సజ్జ రొట్టె. ఉమర్‌కోట్ వైపు వినిపించే ధాట్కీ భాష బాడ్‌మేర్, జైసల్మేర్ పల్లెల్లోనూ వినిపిస్తుంది. ఆ ప్రాంతపు రాజపుత్రుల్లో సోఢా వంశం వారే ఎక్కువ. మనకు సగోత్రం పనికిరానట్టే వారికి సొంత వంశంలో పెళ్లి పనికిరాదు కాబట్టి, రాఠోడ్, భాటీ వంశాల సంబంధాల కోసం తరతరాలుగా రాజస్థాన్ వైపే చూస్తారు. మీ పక్కింటి వారు ఏ వంశం వారో మీరు రాయలేదు. ఇతర కులాల్లోనూ ఇటువంటి బంధుత్వాలు ఉన్నాయి. 1947లో దేశాలు రెండయినా ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు.

రైలు దారి 1965 యుద్ధంతో తెగిపోయింది. 2006 ఫిబ్రవరిలో థార్ ఎక్స్‌ప్రెస్ పేరుతో, జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీ స్టేషన్ నుంచి మునాబావ్, అవతలి వైపు ఖోఖ్రాపార్ మీదుగా కరాచీ వైపు వారానికి ఒకసారి ప్రయాణం మళ్లీ మొదలైంది. 2019 ఆగస్టులో ఆగిపోయింది. ఆ తరువాత భూమి మీద మిగిలిన దారి పంజాబ్‌లోని అటారీ ఒక్కటే. పడమటికి పోవలసిన మనిషి ఉత్తరాన అమృత్‌సర్ వరకు వెళ్లి, లాహోర్ చేరి, అక్కడి నుంచి మళ్లీ కిందికి, ఉమర్‌కోట్ ఉన్న సింధ్ రాష్ట్రం దాకా రావాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత దానినీ మూసివేశారు.

రైలు నడిచిన రోజుల్లో కూడా అది మనం పండుగకు పుట్టింటికి వెళ్లినంత తేలిక కాదు. వీసా మీద ఏ ఊళ్లు రాసి ఉంటే ఆ ఊళ్లకే వెళ్లాలి, చేరిన తరువాత పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. అక్క ఊరి పేరు ఆ కాగితంలో లేకపోతే, ఎంత దగ్గరైనా అక్కే వచ్చి చెల్లెలిని చూసి పోవాలి. ఈ నిబంధన నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ఆమె మీకు చూపించిన బొంతను అక్కడ రల్లీ అంటారు. పాత బట్టల ముక్కలను పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా సూటి కుట్లు వేసి, ఆడపిల్ల పెళ్లికి సిద్ధం చేస్తారు. తల్లి కట్టి విడిచిన బట్టలే ఆ ముక్కల్లో ఉంటాయి కనుక, ఆమె కంటతడికి వేరే కారణం వెతకనక్కరలేదు.

ఇక దారి సంగతి. దుబాయి వంటి మూడో దేశం మీదుగా విమానంలో వెళ్లాలన్నా పాకిస్తాన్ వీసా కావలసిందే. వీసాలు, దారులు తెరుచుకున్న రోజున వెతుక్కోకుండా పాస్‌పోర్టు గడువు, తల్లిగారి గుర్తింపు కార్డు నకలు, ఆహ్వానపత్రం ఇప్పటి నుంచే సిద్ధంగా ఉంచుకోమనండి. అన్నిటికంటే ముఖ్యం, ఆమెకు భారత పౌరసత్వం వచ్చిందో లేదో అడగండి. ఇంకా పాకిస్తాన్ పాస్‌పోర్టు మీదే దీర్ఘకాలిక వీసాతో ఉంటున్నట్లయితే, తిరిగి రావడానికి ముందే అనుమతి తీసుకోకుండా సరిహద్దు దాటకూడదు. భర్త, పిల్లలు ఇటు, తాను అటు చిక్కుకుపోయిన ఇల్లాళ్లు 2025లో ఎందరో ఉన్నారు.

అవకాశం వస్తే వానలు పడిన తరువాత, భాద్రపదంలో వెళ్లమనండి. అప్పుడు ఇసుక తిన్నెల మీద పచ్చిక లేస్తుంది, సజ్జ చేలు ఎదుగుతాయి, పనులకు నీటి కాలువల ప్రాంతాలకు పోయినవారు ఇళ్లకు తిరిగి వస్తారు, తల్లితో పాటు బంధువులందరూ ఒకచోట కనిపిస్తారు. అంతవరకు ఫోనే ఆధారం కనుక, పిల్లలకు ధాట్కీ నేర్పమని చెప్పండి, అమ్మమ్మ మాట వారికి నేరుగా అర్థం కావాలి.

ఉమర్‌కోట్ జిల్లాలోని కున్రీ, మీ గుంటూరులాగే, ఎండుమిరపకు పేరు పడ్డ ఊరు. ఈసారి ఊరి నుంచి వచ్చేటప్పుడు ఒక కేజీ మిరపకాయలు తెచ్చి ఆమె చేతికివ్వండి. కున్రీ మాట ఎత్తితే పుట్టింటి కబుర్లు ఆమే చెబుతారు.