టెక్ సందేహాలు: చైనా ప్రయాణానికి ఫోన్‌ను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి

ప్రశ్న: నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయురాలిని. వచ్చే ఏప్రిల్‌లో మావారితో కలిసి బీజింగ్, షియాన్, షాంఘై చూసి రావాలని అనుకుంటున్నాను. అక్కడ చిన్న కొట్లలో కూడా ఫోన్‌తోనే డబ్బు కడతారని విన్నాను. మన యూపీఐ పనిచేస్తుందా? అక్కడివాళ్లు సందేశాలకూ చెల్లింపులకూ వాడే వీచాట్ యాప్ కోసం వెతికితే ప్లే స్టోర్‌లో కనబడటం లేదు. (వరంగల్ పాఠకురాలు)

జవాబు: అక్కడి దుకాణాల్లో యూపీఐ మీద ఆధారపడే వీలు లేదు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా ఉన్నందువల్ల అది మీకు కనబడటం లేదు. దాని కోసం అడ్డదారులు వెతకనవసరం లేదు, చైనా చెల్లింపుల యాప్ అలీపే ఒక్కటి చాలు. దానిలో మీ పాస్‌పోర్ట్ వివరాలు నమోదు చేసి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ ముద్ర ఉన్న మీ బ్యాంకు కార్డును జత చేసుకుంటే, షియాన్ ముస్లిం వీధిలోని తినుబండారాల బండి దగ్గర నుంచి షాంఘై మెట్రో దాకా దానితోనే గడిచిపోతుంది. చెల్లించే పద్ధతులు రెండు. దుకాణదారు అతికించిన కోడ్‌ను మీరు స్కాన్ చేసి మొత్తాన్ని నమోదు చేయడం మనకు అలవాటైనదే. రెండోదానిలో మీ ఫోన్ తెరపై వచ్చే కోడ్‌ను దుకాణదారు తన యంత్రంతో చదివిస్తారు. ఈ కోడ్ కొద్దిసేపటికే మారిపోతుంది కాబట్టి దాన్ని ముందుగా ఫొటో తీసి ఉంచుకున్నా ఉపయోగం ఉండదు.

ఈ పనంతా విమానం ఎక్కకముందే పూర్తి చేసుకోవాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. కార్డు జత చేసేటప్పుడు బ్యాంకు పంపే ఓటీపీ మీ భారతీయ నంబరుకే వస్తుంది. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలను మీరే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోకపోతే చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది. విదేశీ కార్డుతో 200 యువాన్లు దాటిన చెల్లింపుపై అలీపే 3 శాతం రుసుము తీసుకుంటుంది, మీ బ్యాంకు వేసే విదేశీ మారక రుసుము దీనికి అదనం. అందువల్ల హోటల్ బిల్లు వంటి పెద్ద మొత్తాలకు, కార్డు తీసుకుంటారేమో ముందుగా అడిగి నేరుగా స్వైప్ చేయడం మేలు. కొంత నగదు చిన్న నోట్లుగా దగ్గర ఉంచుకోండి. నగదును కాదనడం అక్కడి చట్టానికి విరుద్ధం, అయినా చిల్లర దొరకడం కష్టం.

టికెట్ల విషయంలో ఇంకా ముందుచూపు అవసరం. 1420లో పూర్తయిన బీజింగ్ రాజప్రాసాదం, అంటే ఫర్బిడెన్ సిటీ టికెట్లను ఏడు రోజుల ముందు నుంచి పాస్‌పోర్ట్ నంబరుతోనే అమ్ముతారు, అవి త్వరగా అయిపోతాయి. ప్రభుత్వ సెలవు రోజైతే తప్ప సోమవారం దాన్ని మూసి ఉంచుతారు. రైలు టికెట్లు అమ్మే చైనా రైల్వే వారి 12306 అనే యాప్‌కు ఇంగ్లీషు రూపం ఉంది. అందులో పాస్‌పోర్ట్ ధ్రువీకరణ పూర్తికావడానికి సమయం పట్టవచ్చు కాబట్టి ఖాతాను ఇప్పుడే తెరవండి. టికెట్ కాగితం ఇవ్వరు, మీ పాస్‌పోర్టే టికెట్. బీజింగ్ నుంచి షియాన్‌కు 1,200 కిలోమీటర్లకు పైగా దూరాన్ని హైస్పీడ్ రైలు సుమారు అయిదు గంటల్లో దాటుతుంది. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన షియాన్ మట్టి సైన్యాన్ని (టెర్రకోటా సైనికుల బొమ్మలను) చూడటానికి ఇన్నేళ్లు పాఠం చెప్పిన మీరు వెళ్తున్నారంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఆ రోజు టికెట్ దొరకని పరిస్థితి మీకు రాకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, వాణ్ణి చూడటానికి వెళ్తున్నాం. అక్కడ వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ పనిచేయవంటారు, నిజమేనా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: హోటల్ వైఫైలోనూ, అక్కడి సిమ్‌లోనూ మామూలుగా పనిచేయవు. మీ భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేసుకుంటే డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగా వస్తుంది కాబట్టి వాట్సాప్ నడుస్తుంది. అక్కడ అడ్డుకున్న యాప్‌లను దొడ్డిదారిలో తెరిచే వీపీఎన్‌ల జోలికి పోకుండా ఈ దారిలోనే వెళ్లమని నా సలహా.

గూగుల్ మ్యాప్స్ తెరుచుకున్నా దాన్ని నమ్మవద్దు. చైనాలో పటాలన్నీ ప్రభుత్వం నిర్దేశించిన ప్రత్యేక అక్షాంశ రేఖాంశాల పద్ధతిని పాటించాలి. మన ఫోన్ జీపీఎస్ లెక్క దానితో సరిపోలదు కాబట్టి స్థానం కొన్ని వందల మీటర్ల మేర పక్కకు జరిగిపోవచ్చు. షాంఘైలో బండ్ నదీతీరాన నిలబడి ఉన్నా, మ్యాప్‌లోని నీలి చుక్క మిమ్మల్ని మరెక్కడో వేరే వీధిలో చూపించవచ్చు. ఐఫోన్ ఉంటే ఆపిల్ మ్యాప్స్, ఆండ్రాయిడ్ అయితే అక్కడి మ్యాప్ యాప్ ఆమ్యాప్ వాడండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చైనీస్ భాషను ఆఫ్‌లైన్‌లో పనిచేసేలా ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి. మీరు శాకాహారులైతే “మాంసం, చేప, గుడ్డు తినం” అన్న వాక్యాన్ని చైనీస్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మరీ ముఖ్యం.

ప్రశ్న: పవర్ బ్యాంక్, డ్రోన్ తీసుకువెళ్లవచ్చా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: చైనా దేశీయ విమానాల్లో 2025 జూన్ 28 నుంచి 3సీ ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) స్పష్టంగా లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. ఇక్కడ కొన్నవాటిపై ఆ ముద్ర ఉండకపోవచ్చు, పరిశీలించుకోండి. లేకపోతే దిగులు పడనక్కరలేదు, దుకాణాల దగ్గర పవర్ బ్యాంకులు గంటల లెక్కన అద్దెకు దొరుకుతాయి, అలీపేతో స్కాన్ చేసి తీసుకోవచ్చు. మన రెండు గుండ్రటి పిన్నుల ఛార్జర్లు అక్కడి చాలా సాకెట్లలో పడతాయి. మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్‌కు మాత్రం అడాప్టర్ కావాలి. డ్రోన్‌ను అక్కడ యజమాని పేరుతో నమోదు చేయించాలి, పైగా బీజింగ్‌లో ఆంక్షలు కఠినంగా ఉంటాయి. అందువల్ల విహారయాత్రకు దాన్ని తీసుకువెళ్లకపోవడమే మంచిది.