ఆసక్తి, ఆవేశం, రోషం: సంఘ నివేదికలో ఏది రాయాలి?

సందేహం: మా చర్చి సంఘంలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు (భక్తిని తిరిగి రగిలించే సభలు) జరిగాయి. నివేదికలో ‘యవనస్థులు ఆవేశంతో ప్రార్థించారు’ అని రాస్తే, సంఘ పెద్ద ఒకరు కొట్టేసి ‘ఆసక్తితో’ అని దిద్దారు. ‘ఆసక్తి గలవారు పేర్లు ఇవ్వగలరు’ అనే ప్రకటనలా చప్పగా లేదూ? నిలిచి ఉండే భక్తి తీవ్రతకూ నాలుగు రోజుల ఊపుకూ తెలుగులో వేరువేరు మాటలు లేవా?
– ఒక సోదరి, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: పెద్దాయన దిద్దుబాటు సగం ఒప్పు. ‘ఆవేశం’ తీసెయ్యడం సరైనదే. ‘ఆసక్తి’ మాత్రం ఆ వాక్యంలో అతకలేదు. అయితే అందుకు కారణం మీరనుకున్న చప్పదనం కాదు.

సంస్కృతంలో ‘సంజ్’ ధాతువుకు అంటుకోవడం, తగులుకోవడం అని అర్థం. సంగం, విషయాసక్తి, అనాసక్తి అక్కడివే. పుట్టుకను బట్టి ఆసక్తి అంటే పట్టు విడవనితనం. ప్రకటనల్లోనూ ‘ఆసక్తికర విషయం’ లాంటి వార్తల శీర్షికల్లోనూ అరిగి అరిగి అది కుతూహలం స్థాయికి దిగింది. బైబిలు తెలుగులో పాత బలం చెక్కుచెదరలేదు. ‘నీ యింటినిగూర్చిన ఆసక్తి నన్ను భక్షించును’ (యోహాను 2:17). మనిషిని తినేసే ఆసక్తి, పేర్లు నమోదు చేసుకునే ఆసక్తి ఒకటెలా అవుతాయి?

మీ పెద్దాయన చెవిలో ఉన్నది ఆ తెలుగే. దానికి మీ ఊరితో చుట్టరికం కూడా ఉంది. 1805లో లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థ వారు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖలో దిగి, ఆనందరాయరు సాయంతో బైబిలును తెలుగులోకి అనువదించడం సాగించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి.

ఇప్పటి బైబిలులో ఈ మాట రెండు గ్రీకు మాటల బరువు మోస్తోంది. ‘ఆసక్తి విషయములో మాంద్యులు కాక’ (రోమా 12:11) అన్నచోట మూలంలో ఉన్నది ‘స్పౌదే’, అంటే శ్రద్ధ, చురుకు. ‘వారి ఆసక్తి జ్ఞానానుసారమైనది కాదు’ (రోమా 10:2) అన్నచోట ‘జేలోస్’, అంటే రగిలే అభిమానం. ఆ జేలోసే చెడ్డ అర్థంలో వస్తే తెలుగులో ‘మత్సరం’ అయింది (గలతీ 5:20). ఆసక్తి ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. సంఘాన్ని హింసించిన రోజుల్లోనూ తనకు ఆసక్తి ఉండేదని పౌలే చెప్పాడు (ఫిలిప్పీ 3:6).

ఆవేశంలో ఉన్నది ‘విశ్’, లోపలికి ప్రవేశించడం. ‘దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము’ (2 తిమోతి 3:16) అన్నచోట అది పవిత్రమైన మాటే. ఇవాళ వాడుకలో క్షణికావేశం, ‘ఆవేశపడకండి’ మిగిలాయి. మీ వాక్యం చదివితే కుర్రాళ్లు ఎవరి మీదో విరుచుకుపడ్డట్టు ఉంటుంది.

రోషం దేవుని ఘనతకు భంగం కలిగిన సందర్భానికి తగుతుంది. బైబిలులో ఏలీయా ప్రవక్త ‘మహా రోషము’ అలాంటిది. కూటానికి వేళకు రావడానికి రోషం అక్కర్లేదు.

ఉత్సాహాన్ని మాత్రం చిన్నచూపు చూడకండి. అలంకార శాస్త్రంలో అది వీర రసానికి స్థాయీభావం, అంటే నిలిచేది. వచ్చిపోయే ముప్పైమూడు వ్యభిచారి భావాల్లో ఆవేగం, ఔత్సుక్యం ఉన్నాయి గాని ఉత్సాహం లేదు. దాన్ని పాలపొంగు చేసింది మన వాడుకే.

ఇక అసలు మెలిక. నిలకడను తెలుగు నామవాచకంలో కంటే క్రియలో ఎక్కువగా చూపిస్తుంది. ఆవేశం ‘వస్తుంది’, ఊపు ‘అందుకుంటుంది’, ఉబలాటం ‘తీరిపోతుంది’. ఆసక్తిని ‘కలిగి ఉంటారు’. పౌలు మాట చూడండి: ‘నేను మీయొద్ద ఉన్నప్పుడు మాత్రమే గాక యెల్లప్పుడును మంచి విషయములో ఆసక్తిగానుండుట యుక్తమే’ (గలతీ 4:18). బోధకుడు ఊళ్లో ఉన్నన్నాళ్లు ఉండి, ఆయన బస్సెక్కగానే పోయేదాన్ని ఆసక్తి అనకూడదని అక్కడే తేలిపోయింది. అపొస్తలుల కార్యములు 2:42లో ‘ఎడతెగక యుండిరి’, రోమా 12:12లో ‘పట్టుదల కలిగియుండుడి’ కూడా ఈ కోవలోవే.

‘ఆసక్తితో ప్రార్థించారు’లో క్రియ ఆ పూటతో ముగిసిపోయింది. అందుకే అతకలేదు. ఆ మూడు రోజుల సంగతికి ‘ఉత్సాహంగా ప్రార్థించారు’ చాలు. ఆరు నెలల తర్వాత కూడా వాళ్లు శనివారం ప్రార్థన మానకపోతే, అప్పటి నివేదికలో ‘ప్రార్థనయందు ఆసక్తి కలిగి, ఎడతెగక వస్తున్నారు’ అని రాయండి. ‘శాశ్వతమైన ఆసక్తి’ అనొద్దు, అది తెలుగు పలుకుబడి కాదు. ‘సడలని ఆసక్తి’ అనండి. ‘ఉజ్జీవ కూటాలు జరిగాయి’ సరే, అది కూటాల పేరు. ‘ఉజ్జీవం కలిగింది’ అని మూడో రోజు రాత్రే రాయడం తొందరపాటు.

మరొకటి. ‘యవనస్థులు’ అని రాశారు. యవనులంటే గ్రీకులు. ‘యౌవనస్థులు’ అనాలి.