సత్రమైపోయిన ఇంట్లో ఒక మూర మరువం

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 43 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చూసే ఉద్యోగం. ఇంట్లో మావారు, అత్తయ్య, పదో తరగతి అబ్బాయి, ఏడో తరగతి అమ్మాయి. పెరటాసి శనివారాలు మొదలైతే సంక్రాంతి దాకా మా ఇల్లు సత్రమే. రెండు వైపుల బంధువులూ, వాళ్లకు తెలిసినవాళ్లూ దర్శనానికి వచ్చి మా ఇంట్లోనే దిగుతారు. తెల్లవారుజామున కొండకు బయలుదేరేవాళ్లకు రెండున్నరకే లేచి కాఫీ ఇస్తాను. ఆ తరువాత నిద్ర పట్టదు. తల పట్టేసినట్టు ఉంటుంది, పిల్లల మీద అరుస్తున్నాను. తోటి ఉద్యోగిని ఒకామె అరోమాథెరపీ (సుగంధ తైలాల చికిత్స) అని చెప్పి డిఫ్యూజర్ (తైలాన్ని ఆవిరిగా గదిలోకి వదిలే పరికరం), లావెండర్, నీలగిరి తైలాలు కలిపి 3,800 రూపాయలకు అమ్మింది. లావెండర్ రెండు చుక్కలు మంచినీళ్లలో వేసుకుని తాగమంది కూడా. హాల్లో డిఫ్యూజర్ పెడితే ఆయాసం ఉన్న మా అత్తయ్యకు దగ్గు ఎక్కువైంది. డబ్బు తగలేశావని మావారు అన్నారు. నాకంటూ అరగంట కావాలనుకోవడం స్వార్థమా? ఈ తైలాలు పనిచేస్తాయా, పారేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ మంచినీళ్ల సంగతి తేల్చేస్తాను. తాగకండి. ఇదివరకు ఒకటి రెండు సార్లు తాగి ఉండి, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకపోతే కంగారు అక్కర్లేదు, ఇక ఆపేయండి. ఆ సీసాలో ఉన్నది కిలోల కొద్దీ పూలను ఆవిరిపట్టి దించిన సారం. అది నీళ్లలో కలవదు. పైన తేలి, నేరుగా నోటికీ గొంతుకూ తగులుతుంది. నీలగిరి తైలం ఇంకా ప్రమాదం. చిన్నపిల్లలు ఒక చెంచాడు మింగినా మూర్ఛ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. మీ ఇంటికి వచ్చే చుట్టాలతో చంటిపిల్లలు కూడా వస్తారు కదా. పూజగదిలో కర్పూరం బిళ్లలదీ ఇదే కథ, పిల్లల కళ్లకు అవి పటికబెల్లం ముక్కలే. సీసాలూ కర్పూరమూ ఈ రోజే తాళం ఉన్న బీరువాలోకి వెళ్లాలి. చంటిపిల్లలకు జలుబు చేసిందని ముక్కు దగ్గర నీలగిరి తైలం రాయబోయే పెద్దవాళ్లు కూడా వస్తారు, వాళ్లను మర్యాదగానే ఆపండి.

రెండోది మీ అత్తగారి దగ్గు. ఆయాసం ఉన్నవాళ్లకు ఘాటైన వాసన ఏదైనా ఊపిరి పట్టేసేలా చేయవచ్చు. అది ఎంత ఖరీదైనదీ, ఎంత స్వచ్ఛమైనదీ అని ఊపిరితిత్తులు అడగవు. డిఫ్యూజర్ తీసి అట్టపెట్టెలో పెట్టేయండి. తలుపులు మూసి సాంబ్రాణి వేయడం, నాలుగేసి అగరుబత్తులు వెలిగించడం కూడా ఆమె ఉన్న గదిలో వద్దు. 2021 నుంచి దేవస్థానం వాళ్లు ఆలయ పూలతో చేసిన అగరుబత్తులు అమ్ముతున్నారు. ఊరి నుంచి వచ్చిన ప్రతివాళ్లూ కొండ మీద రెండు పెట్టెలు కొని ఒకటి మీ ఇంట్లో వదిలి వెళ్తారని ఊహించగలను. స్వామి పూలవే అయినా పొగ పొగే. కిటికీ తెరిచి, ఒక్కటి వెలిగించి, ఆమెను మరో గదిలో కూర్చోబెట్టండి.

ఇక స్వార్థం గురించి. మీ ఉత్తరంలో రాయని విషయం ఒకటి అడుగుతాను. మీ అత్తగారు సాయంత్రం దీపం పెట్టి జపానికి కూర్చుంటారా? మన ఇళ్లలో ఆ వయసు ఆడవాళ్లు చాలామంది కూర్చుంటారు కాబట్టి అడుగుతున్నాను. ఆమె చేతిలో జపమాల ఉండగా ఇంట్లో ఎవరైనా ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతారా? అడగరు. ఆ అరగంటకు అంత మర్యాద ఎలా వచ్చింది? రోజూ ఒకే వేళకు, ఒకే మూల, ఒకే చాప మీద కూర్చోవడం వల్ల వచ్చింది. మీరేమో పనుల మధ్య ఎప్పుడో దొరికిన ఐదు నిమిషాలకు డాబా మెట్ల మీద కూర్చుంటారు. అది విశ్రాంతి అని ఇంట్లో ఎవరికీ తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఎవరో ఒకరు పిలుస్తారు, మీరు లేచి వెళ్తారు.

కనుక మీకు ముందు కావలసింది తైలం కంటే ఒక వేళా, ఒక మూలా. వాసన పని ఆ తరువాత మొదలవుతుంది.

ఆ పని ఏమిటంటే, ముక్కు నుంచి వెళ్లే నరాలు మెదడులో జ్ఞాపకాలనూ భావాలనూ చూసే భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరతాయి. గుండు చేయించుకున్న తలకు పూసిన గంధం వాసన తగలగానే మనకు కొండ గుర్తొచ్చేది అందుకే. రోజూ ఒకే వాసన మధ్య స్థిమితంగా కూర్చుంటే, కొన్ని వారాలకు ఆ వాసన తగలగానే ఒళ్లు తనంతట తానే వదులవడం నేర్చుకుంటుంది. లావెండర్ విషయంలో ఆందోళన కొంత తగ్గుతుందని చూపిన అధ్యయనాలు ఉన్నాయి, అయితే చాలావరకు చిన్నవి. దాన్ని నిద్రమాత్రలాగా ఊహించుకుంటే నిరాశే. అరోమాథెరపీ అనే పేరు కూడా మనం అనుకునేంత పురాతనమైనది కాదు. గాట్‌ఫోసే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1937లో తన పుస్తకానికి పెట్టాక ప్రచారంలోకి వచ్చింది. వాసనతో మనసును కుదుటపరచుకోవడం మాత్రం మనవాళ్లు ఏ పేరూ పెట్టకుండానే చేశారు.

అందువల్ల నా సలహా, మొదటి నెల ఆ సీసాల జోలికే వెళ్లకండి. బడి నుంచి వచ్చేటప్పుడు గోవిందరాజస్వామి గుడి వైపు పూలమ్మేవాళ్ల దగ్గర ఒక మూర మరువం కొనండి. తలలో పెట్టుకోవడానికి కాదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, పడకగదిలో కిటికీ పక్కన కూర్చుని, మరువం కొమ్మ ఒకటి తుంచి రెండు వేళ్ల మధ్య నలపండి. మొదట పచ్చి ఆకు వాసన వస్తుంది. వేళ్ల వేడికి ఒక్క క్షణం తరువాత లోపల దాక్కున్న చల్లటి ఘాటు బయటికి వస్తుంది. ఆ రెండో వాసన వచ్చేదాకా ఆగండి. నెమ్మదిగా పీల్చండి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. పది పన్నెండు సార్లు చాలు. మా అమ్మ వాడిన మరువాన్ని పారేయకుండా దిండు కింద పెట్టుకునేది. ఎందుకమ్మా అంటే, ఊరికేనే అనేది. నేను కూడా ఒక కాలంలో డిఫ్యూజర్ కొన్నాను లెండి, అది ఇప్పుడు మా అటక మీద ఉంది.

అత్తగారికి మరువం వాసన కూడా పడదేమో ముందే అడగండి. తలుపు వేసుకుంటే ఏ గొడవా ఉండదు. మరువం దొరకని రోజున దవనమో, తులసి ఆకులో సరిపోతాయి. ఎండాకాలంలోనైతే కడిగిన వట్టివేళ్లను పలుచటి గుడ్డలో మూటకట్టి తాగే కుండలో వేస్తే ఆ నీళ్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా సుఖంగా ఉంటుంది. రోజుకు ఒక రకం ప్రయోగించకండి, ఒకదాన్నే పట్టుకోండి.

నెల తరువాత లావెండర్ వాడాలనిపిస్తే, ఆరు టీస్పూన్ల నువ్వుల నూనెలో ఆరు చుక్కలు కలపండి. అంతే, నూటికి ఒక వంతు. నేరుగా ఒంటికి రాయకండి. ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి, దురద రాకపోతే వాడవచ్చు. రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక ప్లాస్టిక్ టబ్బులో ఓర్చుకోగలిగిన వేడినీళ్లు పోసి, గుప్పెడు రాళ్లుప్పు వేసి, పది నిమిషాలు పాదాలు ముంచి కూర్చోండి. తుడుచుకుని ఆ నూనెను అరికాళ్లకు రాసుకోండి. బొటనవేలి కింద ఎత్తుగా ఉండే కండ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కుతూ మడమ దాకా రావాలి. రోజంతా గచ్చు మీద నిలబడిన కాళ్లకు అక్కడే నొప్పి దాక్కుని ఉంటుంది. తరువాత మేజోళ్లు వేసుకోండి, నూనె కాళ్లతో గచ్చు మీద నడిచి జారిపడిన వాళ్లను చూశాను. ఇక శుక్రవారం తలంటు పోసుకునే అలవాటు ఎప్పుడు తప్పింది మీకు? రెండు వారాలకు ఒకసారైనా తిరిగి మొదలుపెట్టండి. గోరువెచ్చటి నూనె తలకు పట్టించే పని మీ అమ్మాయికి అప్పగించండి. పిల్లల మీద అరుస్తున్నానని బాధపడుతున్నారు కదా, ఆ పావుగంటలో అమ్మాయి చెప్పే కబుర్లు వినండి.

కొనడం గురించి ఒక్క మాట. సీసా మీద చికిత్సకు తగిన నాణ్యత అని ఇంగ్లీషులో అచ్చువేస్తారు. దానికి ప్రభుత్వ ప్రమాణం ఏదీ లేదు, అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. మొక్క శాస్త్రీయ నామం, లావెండర్‌కైతే లావాండులా అంగుస్టిఫోలియా (Lavandula angustifolia) అని ఉందో లేదో చూడండి. కొండ కింద ఉన్నాం కాబట్టి ఎర్రచందనం తైలం అంటూ ఎవరైనా తెస్తే అసలే కొనకండి. శేషాచలం ఎర్రచందనానికి రంగు ఉంది గానీ శ్రీగంధం పరిమళం లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, చుట్టాలు. మరువం ఎంత నలిపినా రాత్రి రెండున్నరకు లేచే మనిషికి తల పట్టేయక మానదు. రాత్రే డికాక్షన్ దించి ఫ్లాస్కులో పోసి, పాలగిన్నె, చక్కెర డబ్బా, గ్లాసులు పొయ్యి పక్కన పెట్టి పడుకోండి. కొండకు వెళ్లే భక్తి ఉన్నవాళ్లకు పాలు కాచుకునే ఓపిక ఉంటుంది. మర్యాద తప్పుతుందని మీవారికి అనిపిస్తే ఆయనే లేచి కాఫీ కలిపి ఇవ్వవచ్చు. ఆయన కాఫీ కలిపితే వచ్చినవాళ్లు పదిమందికి చెప్పుకుంటారు కూడా. మీరు మాత్రం సాయంత్రం కాఫీని నాలుగు గంటలకల్లా ముగించండి. ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం, రాత్రి పదింటికీ ఒంట్లో ఉంటుంది.

మూడు వందల రూపాయల దర్శనం టికెట్లను దేవస్థానం నెలల ముందే ఇస్తుంది. అంటే టికెట్ తీసుకున్న రోజే మీ చుట్టాలకు తమ తేదీ తెలుసు. మీకు మాత్రం రేణిగుంట దాటాక ఫోను చేస్తారు. ఇది మారాలి. వంటింట్లో ఒక కాలెండరు తగిలించి, ఎవరు ఎప్పుడు వస్తున్నారో మీవారి చేత రాయించండి. ఒక వారంలో ఒక కుటుంబం, రెండు రాత్రులు. మిగిలినవాళ్లకు దేవస్థానం వసతి గృహాలు, బస్టాండు దగ్గర శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసం ఉన్నాయి. అక్కడ దిగి, దర్శనం అయ్యాక మన ఇంటికి భోజనానికి రమ్మనండి. ఒక పూట ఆనందంగా పెట్టిన పులిహోర, మూడు రోజులు విసుక్కుంటూ పెట్టిన విందు కంటే రుచిగానే ఉంటుంది.

ఈ మాట మీవారికి ఎలా చెప్పాలంటే, మీ వాళ్లు ఎక్కువ వస్తున్నారని మొదలుపెట్టకండి, మాట అక్కడే తెగిపోతుంది. ఇలా అనండి: “ఏమండీ, ఈ ఏడు వచ్చినవాళ్లను నవ్వుతూ చూసుకోవాలని ఉంది. రాత్రి లేస్తుంటే నా వల్ల కావడం లేదు. మీ వైపు వాళ్లకు మీరు చెప్పండి, మా వైపు వాళ్లకు నేను చెబుతాను.” మొదటి ఫోను మీ పుట్టింటివారికే చేయండి, ఆయన వినేలా. అత్తగారికి వేరేగా చెప్పండి: “అత్తయ్యా, మీ జపం వేళకే నేను కూడా లోపల కాసేపు కూర్చుంటాను.” ఆమె ఒప్పుకుంటే ఇక ఆ ఇంట్లో మీ తలుపు తట్టేవాళ్లు ఉండరు. 3,800 రూపాయల గురించి వాదించకండి. తాగమని చెప్పిన సలహా ప్రమాదకరమని మాత్రం ఆ తోటి ఉద్యోగినికి చెప్పండి, ఆమె ఇంకా ఎంతమందికి చెబుతోందో.

చివరిగా, మీ వయసులో నిద్ర తెగిపోవడం, చిరాకు, తలనొప్పి అన్నీ చుట్టాల ఖాతాలోనే వేయడం కుదరదు. నెలసరి క్రమం తప్పుతోందా, రాత్రి ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పడుతున్నాయా గమనించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తపోటు ఒకసారి చూపించుకోండి. రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు పోకపోయినా, ఏడుపు వస్తున్నా, బతుకు మీద విరక్తి కలిగినా వాసనలతో కాలక్షేపం చేయకుండా డాక్టరును కలవండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ.

ఆ లావెండర్ సీసా మూత బిగించి, తెరిచిన తేదీ కాగితం ముక్క మీద రాసి అంటించండి. గాలి తగిలి పాతబడిన తైలం ఒంటికి దద్దుర్లు తెప్పించవచ్చు. నీలగిరి సీసాను మీవారికి ఇచ్చేయండి, స్కూటరు మీద అంటిన స్టిక్కర్ల జిగురు తీయడానికి బాగా పనికొస్తుంది. ఆయన లెక్కలో కనీసం ఆ డబ్బు వసూలవుతుంది.