ఉప్పాడ వెళ్తున్న మా అమ్మలుకి

పిఠాపురం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చివరి ఏడాది ప్రాజెక్టుకి ఉప్పాడ ఎంచుకున్నావట, వచ్చే నెల నుంచి కెమెరా పట్టుకుని ఆ ఒడ్డునే తిరుగుతావట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. మనింటి ఆడపిల్ల ఫొటోగ్రఫీనే చదువుగా పెట్టుకుని, అందుకోసం హైదరాబాద్ వెళ్లి మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటు తెచ్చుకోవడం నాకెంత గొప్పో నీకు తెలీదు. ఇరవై ఏడేళ్లు మా స్టూడియో డార్క్‌రూములో ప్రింట్లు వేసినదాన్ని నేను. ప్రతి ప్రింటు వెనకా పడేది మీ పెదనాన్న పేరున్న రబ్బరు స్టాంపే. అందులో తప్పుందని అప్పుడు తోచలేదు. మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా, అంతటి ఆవిడకే మొదట్లో ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యేవని చాలా ఏళ్లకి ఎక్కడో చదివాను. చదివి, ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నీ ఫొటో కింద నీ పేరుంటుంది. అది నా కళ్లతో చూడాలి.

ముందు భయం సంగతి చెప్పేస్తాను, మనసు తేలికపడుతుంది. నేను కాపరానికొచ్చిన కొత్తలో మీ పెదనాన్న నన్ను ఉప్పాడ తీసుకెళ్లి ఫొటో తీసిన చోటు ఇప్పుడు లేదు, నీళ్లలో కలిసిపోయింది. కాకినాడ వెళ్లే ఆ ఒడ్డు రోడ్డు ఎన్ని తుఫాన్లకి కోసుకుపోయిందో లెక్కలేదు. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు పరిచారు, అయినా సముద్రం ఊళ్లోకి వస్తూనే ఉంది. నువ్వేమో పడిపోయిన ఇళ్లు తీస్తానంటున్నావు. ఇళ్లు తీయాలంటే సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. నా భయమంతా అక్కడే. కన్ను కెమెరాలో పెడితే కాళ్ల కింద ఏముందో తెలీదు. మీ పెదనాన్న ఓ పెళ్లిలో ఫ్రేము చాల్లేదని వెనక్కి అడుగులేస్తూ వేస్తూ అరుగు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అది అరుగు, ఇది సముద్రం. ఆ రాళ్ల మీద పాచి ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఆ రోజుల్లో ఒడ్డున రాళ్ల గోడ దగ్గరికి వెళ్లకు. ఊళ్లోవాళ్లని ఎవరినైనా తోడు తీసుకెళ్లు. నువ్వు ఇళ్ల వైపు చూస్తున్నంతసేపూ వాళ్లు కెరటం వైపు చూస్తుండాలి. ఒంటరిగా వెళ్లావని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చేస్తాను, చెప్తున్నాను.

ఇక కంపోజిషన్. ఫ్రేముని మూడు భాగాలు చేసుకోవడం, తల మీద కాస్త ఖాళీ వదలడం, తల వెనక కరెంటు స్తంభం మొలవకుండా చూసుకోవడం, ఇవన్నీ మీ సార్లు చెప్పే ఉంటారు. ఒడ్డున అదనంగా చూసుకోవాల్సింది ఒక్కటే: సముద్రం గీత మనిషి మెడ దగ్గర పడకూడదు. కాస్త వంగితే గీత భుజాల కిందకి దిగుతుంది, మెట్టెక్కితే తల పైకి పోతుంది.

వెలుతురు గురించి మాత్రం కొంచెం ఓపిగ్గా విను. మనది తూర్పు ఒడ్డు. పొద్దున్న ఎండ సముద్రం మీంచి వస్తుంది. పడవలు ఒడ్డుకి చేరే వేళ నువ్వు ఊరి వైపు నిలబడి తీస్తే మనుషులు నల్లటి బొమ్మల్లా వస్తారు. అందరూ అదే తీస్తారు, చూడ్డానికి బాగానే ఉంటుంది, కాకపోతే అందులో ఉన్నది ఎవరో వాళ్ల కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అలాంటివి నాలుగు తీసి ఊరుకో. తర్వాత పక్కకి నడిచి, ఎండ వాళ్ల చెంప మీద పడే చోట నిలబడు. ఇసుకా నీళ్లూ మెరుస్తుంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ముఖాల్ని ఇంకా నల్లగా చేస్తుంది. ముఖాన్ని బట్టి ఎక్స్‌పోజర్ పెట్టుకో, ఆకాశం తెల్లబడిపోతే పోనీ. ఎండకి కమిలిన ముఖంలో ఎన్ని ఛాయలుంటాయో ఎర్ర బల్బు కింద ట్రేలోకి వంగి చూసినదాన్ని, నా మాట నమ్ము. లెన్సు మీద ఉప్పు తుంపర పడుతుంది. గంటకోసారి తుడువు, ఒడ్డున మాత్రం లెన్సు మార్చకు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1985 సంక్రాంతికి ముందు వారం. పండగ రోజులు కదా, స్టూడియో ముందు జనం. ఉప్పాడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు, కోడలు, చంటిబిడ్డ, కొడుకు తల్లి. కొడుక్కి విశాఖలో పని దొరికిందని, వెళ్లేముందు అందరూ కలిసి ఒక ఫొటో తీయించుకుందామని వచ్చారు. ఆ తల్లికి భర్త పోయి ఏడాది కాలేదు. "నేనెందుకు బాబూ, శుభమా అని తీయించుకుంటుంటే, మీరు కూర్చోండి" అంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కొడుకు ఒప్పుకోలేదు, లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వచ్చింది గానీ చివర్న, ఒక కాలు పరదా బయటే పెట్టి నిలబడింది. మా పరదా నీకు గుర్తుండదు, పాలరాతి మెట్లు, మెట్ల మీద పూలకుండీ. ఆవిడ వెనక మెట్లు లేవు. వెల్ల పోయిన గోడ, లైటు స్టాండు, కింద వేలాడుతున్న వైరు. మీ పెదనాన్న అలాగే తీసేశారు, బయట ఇంకా పదిమంది ఎదురుచూస్తున్నారు.

ఆ రాత్రి ఆయన కాగితం ప్యాకెట్ల కోసం కాకినాడ వెళ్లారు. డార్క్‌రూములో నేనొక్కదాన్నే. మాది యాషికా కెమెరా, నెగెటివ్ నలుచదరం. కాగితమేమో నిలువు. ఎటో ఒకవైపు కొంత వదలక తప్పదు. కావాలంటే బొమ్మ చిన్నది చేసి, కింద తెల్లగా వదిలేసి మొత్తం వేయొచ్చు. అలా వేసిన ప్రింట్లు మా దగ్గర చాలా ఉండేవి. కానీ నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద ఆ వైరూ ఆ గోడా చూస్తుంటే నా చేతులు ఊరుకోలేదు. చట్రాన్ని రెండు వేళ్ల మందం పక్కకి జరిపాను. గోడ పోయింది, వైరు పోయింది, ఆవిడా పోయింది. కొడుకు భుజం మీద వేసిన చెయ్యి మాత్రం మణికట్టు దాకా మిగిలింది. దాన్నీ తీసేయాలంటే కొడుకు భుజం తెగుతుందని ఉంచేశాను. ప్రింటు ఎంత బాగా వచ్చిందంటే ఇంకోటి వేసి షోకేసులో పెట్టాం. కూర్పంటే ఇదీ అని మీ పెదనాన్న మెచ్చుకున్నారు. నేను ఎన్నేళ్లు మురిసిపోయానో.

వాళ్లు వచ్చి ఫొటో తీసుకెళ్లారు. తల్లి లేదేమని ఎవరూ అడగలేదు. పరదా పక్కన నిలబడితే అంతే కాబోలు అనుకుని ఉంటారు. వాళ్లు అడగలేదు కదా అని నేనూ మర్చిపోయాను.

తర్వాత కలర్ ల్యాబులొచ్చాయి. 1993లో ఫిల్ములోంచి వెండి తీసుకునేవాళ్లు వచ్చి పాత నెగెటివ్‌లు తూకానికి కొంటామంటే ఏడు పెట్టెలు ఇచ్చేశాం. ఇల్లు ఇరుకు, పిల్లల ఫీజులు, అవి ఎవరికి కావాలిలే అనుకున్నాం.

1996 నవంబరు 6 తుఫాను సంగతి మీ ఇంట్లో వినే ఉంటావు. ఎంతమంది జాలర్లు వేటకి వెళ్లి తిరిగిరాలేదో. ఆ తుఫానులో వాళ్ల ఇంటి గోడ కూలి, గోడకున్న ఫొటో కూడా పోయిందట. మరుసటి ఏడాది వేసవిలో ఆ కొడుకు గుండుతో స్టూడియోకి వచ్చాడు. తల్లి పోయిందని, ఎల్లుండే పెద్దకార్యమని, దండ వేయడానికి ఫొటో కావాలని. అప్పట్లో గ్రూపు ఫొటోలోంచి ఒక్కరిని విడిగా తీసి పెద్దది చేసి ఇవ్వడం మాకు రోజూ ఉండే పనే. షోకేసులో మా ఫొటో ఉండేది కదండీ, మా కాపీలో పడకపోయినా అందులో అమ్మ ఉంటుంది, అందులోంచి చేసి పెట్టండి అన్నాడు. నేనే తీసి అతని చేతికిచ్చాను. కాసేపు చూసి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, "అమ్మ ఏదండీ? నా పక్కనే నిలబడింది కదండీ" అన్నాడు.

మీ పెదనాన్న ఏదో సర్దబోయారు. నేనే చెప్పాను. అమ్మా ఉంది బాబూ, నేనే కోసేశాను, నెగెటివ్ అమ్మేశాం అని. అతను తిడితే బాగుండేది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పోనీ ఈ చెయ్యయినా పెద్దది చేస్తారా?" అని అడిగాడు.

ఆ రాత్రి ప్రింటుకి మళ్లీ ఫొటో తీసి ఆ చెయ్యి వేశాను. డెవలపర్లో కాగితం ఊపుతుంటే ముందు గోళ్లొచ్చాయి, తర్వాత వేళ్ల కణుపులు, ఆఖర్న మణికట్టు మీద నాలుగు చుక్కల పచ్చబొట్టు. షోకేసు ప్రింటులో ఆ పచ్చబొట్టు ఉన్నట్టే నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్న అతను వచ్చి, చుక్కల మీద వేలు పెట్టి చూసుకుని, కాగితంలో చుట్టుకుని వెళ్లాడు. దానికే దండ వేశారో, ఊరికే దాచుకున్నారో నాకు తెలీదు.

అందుకే అమ్మలూ, నొక్కేముందు నాలుగు అంచులూ ఒకసారి చుట్టి రా. అంచున తీగ ఉంటే తప్పించు, ప్లాస్టిక్ డబ్బా ఉంటే పక్కకి జరుపు. మనిషి ఉంటే మాత్రం ఆగు. ఆ మనిషికి చోటివ్వడానికి నువ్వే ఒక అడుగు జరుగు, సముద్రం ఎటుందో చూసుకుని. నేత ఇళ్లలోకి వెళ్లినప్పుడు ఇది బాగా తెలుస్తుంది నీకు. ఉప్పాడ జాంధానీకి 2009లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకనే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని అందరూ చీరనే తీస్తారు. చాలా మగ్గాల మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు, ఇరుకు గదిలో రెండో మనిషి ఎప్పుడూ సగమే పడతారు. అక్కడ ఫ్లాష్ వేయకు, గుమ్మంలోంచి వచ్చే వెలుతురు చాలు. అది చాలేదాకా కూర్చో.

ఇంకో మాట, కోప్పడుతున్నాననుకో. మొన్న పండక్కి వచ్చి మీ తాతమ్మని ఫొటోలు తీశావు. కళ్లు మూసుకుంది, బాగా రాలేదు అంటూ అక్కడికక్కడే చెరిపేశావు. నా గుండె ఝల్లుమంది. ఆవిడకి తొంభై ఒకటి. కళ్లు మూసుకుంటే ఏం, అది ఆవిడ ముఖం కాదా? ఏది పనికొస్తుందో ఆ పూట మనకి తెలీదు. ఒక్కటీ చెరపకు, రెండు చోట్ల దాచు. నైజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ దీన్‌దయాళ్ గారు ఆ కాలంలో గాజు పలకల మీద తీసినవాటికి నంబర్లు వేసి చిట్టా రాయించారు. వాటిలో 2,800కు పైగా పలకలు ఇవాళ్టికీ ఢిల్లీలో భద్రంగా ఉన్నాయంటారు. గాజు పలకలే నిలిచాయి, నీ హార్డ్‌డిస్కుకి ఏం రోగం? ఎవరిని తీశావో పేరు, ఇల్లు, తారీకు రాసుకో. వెళ్లిన ప్రతిసారీ కిందటిసారి తీసినవాళ్ల ప్రింట్లు పట్టుకెళ్లు. ఫోన్లో చూపించి వచ్చేయకు, చేతికివ్వు. రెండోసారి ప్రింటుతో వెళ్లినప్పుడు తలుపు ఇంకోలా తెరుచుకుంటుంది.

తుఫాను రోజుల్లో మాత్రమే వెళ్లి రాకు. 2020లో నివర్ తుఫాను తర్వాత ఒడ్డున బంగారు రవ్వలు దొరుకుతున్నాయని జనం ఇసుక వెతుకుతుంటే పేపర్లన్నీ అదే వేశాయి. ఆ వారం దాటాక ఆ ఇళ్లలో ఏం వండుకున్నారో ఎవరూ వెళ్లి చూడలేదు. నువ్వు వెళ్లు. ఒకే గుమ్మాన్ని వేసవిలో, వానల్లో, పండగనాడు తియ్. ప్రింట్లు చిన్నవి వేయించి నేల మీద పరిచి వారం రోజులు అటూ ఇటూ మార్చుకుంటూ చూడు. మాకు రీలుకి పన్నెండే, ఎంచడానికి ఒక్క కాగితం చాలేది. నీకు రోజుకి ఆరువందలు, కాబట్టి ఎంచడమే నీకు పెద్ద పని.

నెగెటివ్‌లు అమ్మేశాం గానీ స్టూడియో రిజిస్టర్లు అమ్మలేదు. అటక మీంచి దింపించాను. 1974 నుంచి ఉన్నాయి, నంబరు, పేరు, ఊరు, ఎన్ని కాపీలు, బాకీ ఎంత. నిన్న రాత్రి నిద్రపట్టక కూర్చుని ఉప్పాడ అని రాసి ఉన్నవాటికి పెన్సిలుతో గీత పెట్టాను. రెండు పుస్తకాల్లోనే నలభై ఒకటి వచ్చాయి. వాళ్లలో ఎవరి ఇల్లు నిలిచిందో, ఎవరి గోడకి మా ఫొటో ఇంకా ఉందో వెతకాలంటే అది నీ కాళ్ల వల్లే అవుతుంది, నా మోకాళ్ల వల్ల కాదు. నీ ప్రాజెక్టులోకి పనికొస్తుందేమో మీ సార్‌ని అడుగు. ఆ కొడుకు పేరున్న పేజీలో రిబ్బను పెట్టాను. ఊరి పేరు పక్కన "గుడి వెనక వీధి" అని నా చేతిరాతే ఉంది. ఆ వీధి ఇంకా ఒడ్డున ఉందో లేదో చూసి రా.

వచ్చేటప్పుడు టోపీ తెచ్చుకో. శనివారం వచ్చేస్తే ఆ పూట మిగతా రిజిస్టర్లు ఇద్దరం కలిసి చూద్దాం, నా కళ్లజోడు మార్చాలి, చిన్న అక్షరాలు ఆనడం లేదు.

మీ పెద్దమ్మ