బొడ్డుతాడు రక్తం డబ్బు కట్టి దాచాలా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ ఆవిడకు తొలి కాన్పు, రెండు వైపులా జబ్బులేవీ లేవు, ఏజెంటేమో బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచుకోమంటున్నాడు, దాచాలా అని అడిగారు. అక్కర్లేదండీ. ఆ రక్తం నిజంగా అవసరం పడిన ఇల్లు మాది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అక్క పెద్దకొడుక్కి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని జన్యు జబ్బులో తీవ్రమైన రకం. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. దాంతో ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, అది దిగడానికి రోజూ మందు. అక్కకు మళ్లీ నెల తప్పాక పరీక్ష చేయిస్తే కడుపులో బిడ్డకు జబ్బు లేదని తేలింది. ఒకరి కణాలు మరొకరి ఒంటికి సరిపడతాయో లేదో తేల్చే గుర్తులే హెచ్‌ఎల్‌ఏ; తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే, పాపది కలిసింది. కాన్పప్పుడు బొడ్డు కోశాక తాడులో మిగిలిన రక్తం తీసి లిక్విడ్ నైట్రోజన్‌లో దాచారు.

ట్రాన్స్‌ప్లాంట్ (ఆ రక్తాన్ని అక్క కొడుక్కి ఎక్కించడం) అనగానే చుట్టాలంతా ఆపరేషన్ ఎన్నింటికని ఫోన్లు. కోతలేమీ ఉండవు. ముందు కీమో ఇచ్చి వాడి మూలుగను ఖాళీ చేశారు, జుట్టంతా ఊడిపోయింది. ఆ రోజు అరచేతిలో పట్టేంత సంచి సెలైన్ స్టాండుకి తగిలించారు, కాసేపట్లో అయిపోయింది. అంత చలిలో కణాలు చెడకుండా కలిపే మందు వల్ల గదంతా వెల్లుల్లి వాసన. "పచ్చడి ఎవరు తెచ్చారు మామా?" అన్నాడు వాడు, నీరసంగా. అసలు టెన్షన్ ఆ తర్వాతే. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలు, అంటే కొత్త రక్తకణాలను పుట్టించే కణాలు, తక్కువ కాబట్టి, మూలుగ ఎక్కించినప్పటి కంటే రక్తకణాల కౌంట్ ఆలస్యంగా లేస్తుంది. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు (న్యూట్రోఫిల్స్) 500 దాటాయని రిపోర్టు వచ్చిన రోజు మా బావ వరండాలోనే కూలబడి ఏడ్చాడు. ఇప్పుడు వాడికి రక్తం ఎక్కించే పని లేదు.

1988లో పారిస్‌లో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మన్ ఫాంకోని అనీమియా (మూలుగ దెబ్బతినే జన్యు జబ్బు) ఉన్న బాబుకు ప్రపంచంలోనే మొదటిసారి ఈ చికిత్స చేశారు. ఆ రక్తమూ బాబుది కాదు, చెల్లెలిది. ఏజెంట్లు మాత్రం "మీ బిడ్డది మీ బిడ్డకే" అంటారు. పుట్టుకతో వచ్చే ఇలాంటి జన్యు జబ్బయితే ఆ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది కదా! సొంతానికి ముందుజాగ్రత్తగా దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. నెలలు నిండిన మనిషిని కూర్చోబెట్టి ఈఎంఐ లెక్కలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అన్నట్టు, "మా ఇళ్లలో ఎవరికీ తలసీమియా లేదు" అని మేమూ అనుకున్నాం. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్న క్యారియర్లు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. జబ్బు బయటపడ్డాక అక్క అత్తింటివాళ్లు "మీ వంశంలోదే" అని ఎన్ని మాటలన్నారో! ఆ జన్యువు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే అది మేజర్ అవుతుంది. కోడలి మీదకు తోసేసే వాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

మీరు ఏజెంటును పంపించేసి, మీ ఆవిడ తలసీమియా క్యారియరో కాదో చూసే హెచ్‌బీఏ2 రక్త పరీక్ష రాయమని డాక్టరమ్మను ఈ వారమే అడగండి. మీ ఆవిడ క్యారియర్ అని వస్తే ఆలస్యం చేయకుండా మీరూ చేయించుకోండి.