మోటివేషన్ సంగతి తర్వాత, ముందు మీ అక్క సంగతి చూడండి

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు, రెండు వైపులా. పేరు వద్దన్నారు, రాయను. కుదించి ఇస్తున్నా.

"మేడమ్ గారూ, నాకు 43 ఏళ్ళు. ఎత్తు 155 సెంటీమీటర్లు. నిరుడు జూన్‌లో 84 కిలోలున్నాను. అప్పుడే పరగడుపు షుగర్ 118 వచ్చింది. ఇంకా షుగర్ కాదు గానీ అంచున ఉన్నావమ్మా, బరువు తగ్గు అన్నారు డాక్టరు గారు. పొద్దున్నే బీఆర్టీఎస్ రోడ్డు మీద నడక మొదలుపెట్టాను, రాత్రి అన్నం తగ్గించాను. డిసెంబరుకి 7 కిలోలే తగ్గాను, షుగర్ 101కి దిగింది. సంక్రాంతి తర్వాత ఏమైందో తెలీదు, నడక ఆగిపోయింది, ఇప్పుడు మళ్ళీ 82. మా ఆయన రోజూ సాయంత్రం పునుగులో మిరపకాయ బజ్జీలో తెచ్చి నా ఎదురుగానే తింటారు, 'ఇప్పుడు సన్నబడి ఏం చేస్తావే' అంటారు. అబ్బాయి ఇంటర్, వాడి టెన్షన్ వాడిది. ఇంట్లో ఒక్కరి సపోర్టూ లేదు. పోయిన మోటివేషన్ మళ్ళీ తెచ్చుకోవడం ఎలా? ప్రొటీన్ పౌడర్ డబ్బా కొన్నాను, వాడనా? వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాయంటున్నారు, వేయించుకోనా?"

మోటివేషన్ ఎలా తెచ్చుకోవాలో నాకు తెలీదమ్మా. అయిపోతే సంచీ పట్టుకెళ్ళి తెచ్చుకోవడానికి అదేమీ రైతుబజార్లో దొరికేది కాదు. బెజవాడలో జూన్ ఉక్కలో మొదలుపెట్టి, శ్రావణమాసం పేరంటాలూ దసరా నైవేద్యాలూ దాటుకుని ఆరు నెలలపాటు తెల్లారకముందే లేచి నడిచిన మనిషికి మోటివేషన్ లేదంటే నేనొప్పుకోను. పైగా "7 కిలోలే" అట. 84లో 7 అంటే ఎనిమిది శాతం పైమాటే. మీలాగే షుగర్ అంచున ఉన్న మూడు వేలమందికి పైగా మనుషులతో అమెరికాలో చేసి 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో బరువు తగ్గాల్సిన వాళ్ళకి పెట్టిన లక్ష్యమే 7 శాతం, దాంతోపాటు వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఆ మాత్రానికే వాళ్ళలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. 2006లో వచ్చిన మన చెన్నై అధ్యయనంలో కూడా తిండీ నడకా మార్చుకున్న వాళ్ళకి ముప్పు నాలుగో వంతుకి మించి తగ్గింది. అంటే డిసెంబరుకే మీరు చేయాల్సింది చేసేశారు, ఆ సంగతి మీకెవరూ చెప్పలేదంతే. మళ్ళీ పెరగడం కూడా మీరనుకునేంత సిగ్గుపడాల్సిన పనేం కాదు, బరువు తగ్గిన ఒంట్లో ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి, ఏడాదైనా అది పూర్తిగా సర్దుకోదు.

ఇక మీ ఆయన గురించి పేజీన్నర రాశారు. నాలుగు లైన్లు సరిపోయేది. జూలైలోనూ ఆయన బజ్జీలు తెచ్చారు, అక్టోబరులోనూ తెచ్చారు, అప్పుడూ దెప్పారు, మీరు మాత్రం తగ్గుతూనే వచ్చారు కదా? ఆయన బజ్జీలకి మీ నడకని ఆపే శక్తి ఉంటే ఆగస్టులోనే ఆగిపోయేది. ఆ పొట్లమేదో బండి దగ్గరే తిని రమ్మనండి, ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మాత్రం మాట చెప్పే హక్కు మీకుంది, వినకపోతే మీరు లేచి డాబా మీదకి వెళ్ళండి. ఆయన సంగతి ఇంతే.

అసలు మాట మూడో పేజీ వెనకవైపు ఉంది. "సంక్రాంతికి అక్క వాళ్ళింట్లో చిన్న గొడవైంది, అది వేరే సంగతి లెండి." అది వేరే సంగతి కాదమ్మా, అదే సంగతి. ఉత్తరంలో ఎక్కడెక్కడో మీరు విసిరేసిన ముక్కలు ఏరి ఒకచోట పెడుతున్నా, మీరే చదువుకోండి.

మీకు తొమ్మిదో ఏట అమ్మ పోయింది. అక్కకి పదిహేడు. ఇంటర్ మానేసి మీకు జడలేసింది, చెప్పులు తెగితే తనవి మీకిచ్చి బడికి పంపి తను ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళయ్యాక కూడా రెండు వీధుల అవతలే ఇల్లు తీసుకుంది. ఆదివారం భోజనం ఎప్పుడూ అక్క దగ్గరే. కనుమ నాడు మినుము అని గారెలు వండింది, ముద్దపప్పూ ఆవకాయా నెయ్యీ కలిపి పిల్లలందరికీ వరసగా ముద్దలు పెడుతూ మీ దాకా వచ్చి చెయ్యి చాపింది. కొత్త కోడలు, అల్లుడు, ఇద్దరు వియ్యపురాళ్ళు కూర్చుని ఉండగా మీరు "నాకొద్దని చెప్పానా లేదా, వినపడదా అక్కా" అన్నారు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆవిడ ముద్దని తన పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, ఆ పూటంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అయిదు వారాలు ఫోన్ లేదు. చివరికి మీరే ఓ ఆదివారం వెళ్ళి, అడిగి మరీ మూడుసార్లు వడ్డించుకుని ఉలవచారూ మీగడా వేసుకుని తిన్నారు. "ఇప్పుడు నా చెల్లెల్లా ఉన్నావే" అంది అక్క. ఆ తెల్లారి సోమవారం నుంచి నడకకి వెళ్ళలేదు. ఒంట్లో నలతగా ఉండి, అని రాశారు.

ఏం నలతమ్మా? సన్నబడితే అక్కకి కాకుండా పోతానని మీకు భయమేసింది, అంతే.

నాకీ ఉత్తరం చదువుతుంటే మండింది, మీ మీద కాదు, నా మీద. నేనూ ఒకరికి అక్కనే. గుంటూరులో మా తమ్ముడికి గుండెకి స్టెంట్ వేసిన ఏడు నేను అరిసెలు వండి డబ్బా నిండా పట్టుకెళ్ళాను. వాడు మూత కూడా తీయకుండా "ఇవి పట్టుకుపో అక్కా, నన్ను చంపుతావా" అన్నాడు. స్టెంట్ వేయించుకున్న వాడికి నెయ్యీ బెల్లమూ తీసుకెళ్ళిన నాదే బుద్ధితక్కువ, ఇప్పుడు తెలుస్తోంది, కానీ బస్సులో వారధి దాటేదాకా ఏడ్చాను, రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. ఊళ్ళో వాళ్ళ కాపురాలు చక్కబెట్టే మనిషిని. మళ్ళీ ఎలా కలిశామంటే, ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి "ఎకో పరీక్షకి ఒక్కడినే వెళ్ళాలంటే భయంగా ఉంది, తోడు రా అక్కా" అన్నాడు. సారీ లేదు, అరిసెల ప్రస్తావన లేదు. మొదటి బస్సుకే వెళ్ళాను. పెట్టడం తప్ప ఇంకో పని చేతికి ఇవ్వకపోతే మాలాంటి వాళ్ళకి ఏం చేయాలో తెలీదు. ఆ రోజు వాడు నాకు ఇంకో పని ఇచ్చాడు.

మీరు మీ అక్కకి ఏ పనీ ఇవ్వలేదు. అసలు షుగర్ రిపోర్టు సంగతే చెప్పలేదట, కంగారు పడుతుందని! మరి ఆవిడేమనుకుంటుంది? నలభై దాటాక చెల్లెలికి అందం పిచ్చి పట్టింది, నా వంట మోటైపోయింది అనుకుంటుంది. నేనైతే ఇంకా చాలా అనుకునేదాన్ని. కాబట్టి ముందు ఆ కాగితాలు, జూన్‌వీ డిసెంబరువీ, ఇప్పుడు మళ్ళీ పరీక్ష చేయించుకుని అది కూడా పట్టుకుని, ఆదివారం కాకుండా వేరే రోజు, భోజనాల వేళ కాకుండా వెళ్ళండి. చేతిలో పెట్టండి. "అక్కా, నాకు భయమేస్తోంది" అనండి. కనుమ నాడు అందరి ముందూ అరిచినందుకు క్షమించమనండి, వద్దన్నందుకు కాదు, అరిచినందుకు. ఆ రెంటికీ తేడా మీరు దగ్గర పెట్టుకోండి. మీ ఒంట్లోకి ఏం వెళ్ళాలో చెప్పే అధికారం తల్లికి కూడా ఒక వయసు దాకానే, అక్క మళ్ళీ ముద్ద కలిపి చెయ్యి చాపితే ఒక ముద్ద తినండి, రెండోదానికి ఆవిడ చెయ్యి పట్టుకుని "చాలక్కా" అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడుపు ఆపడానికి మాత్రం గారె అందుకోకండి.

ఋణం అంటారు మీరు, ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. ఉంది. నేను పాతకాలం మనిషిని, అలాంటి అక్క ఋణం తీర్చాల్సిందే అంటాను. కానీ ఇంకో వాక్యం కూడా మీరే రాశారు, అక్కకి పన్నెండేళ్ళుగా షుగర్ ఉందనీ, ఈమధ్య అరికాళ్ళు మొద్దుబారుతున్నాయంటోందనీ. రాసి, ఫుల్‌స్టాప్ పెట్టి, మళ్ళీ బజ్జీల మీదకి వెళ్ళిపోయారు. ఇక్కడ మాత్రం మిమ్మల్ని తిడుతున్నాను, పడండి. ఆవిడ వడ్డించింది మూడుసార్లు తినొచ్చి ఋణం తీర్చానని సంబరపడ్డారే గానీ, ఆ అరికాళ్ళు డాక్టరుకి చూపించారా? పన్నెండేళ్ళ షుగర్‌లో కాళ్ళు మొద్దుబారడం తేలిగ్గా తీసుకునేది కాదు, గుచ్చుకున్నది తెలీదు, పుండు పడితే ఓ పట్టాన మానదు. ఈ వారమే తీసుకెళ్ళండి, కళ్ళూ కిడ్నీ పరీక్షలు కూడా ఎప్పుడు చేయించారో కనుక్కోండి. ఇద్దరూ కలిసి చెప్పుల్లేకుండా అమ్మవారి కొండెక్కడం అలవాటన్నారు. అక్కని ఇక ఉత్త కాళ్ళతో ఎక్కించకండి, డాక్టరు చూశాక ఆయనేం చెబితే అది. దుర్గమ్మ ఏమీ అనుకోదు.

ఆ డాక్టరు నడవొచ్చంటే, నడకకి ఆవిడే మీకు జత. ఈ ఎండల్లో అయిదున్నరకి రోడ్డు మీద ఉండాలి, ఏడయ్యేసరికి ఇంట్లో ఉండాలి. మొదట్లో అక్క అడుగులకి మీరు తగ్గండి, పదిహేను నిమిషాలే అయినా సరే. ఆవిడ వేసుకునే మాత్రలు ఏవో డాక్టరుకి చూపించి అడగండి, కొన్ని రకాలు వేసుకునేవాళ్ళు పరగడుపున నడిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు, జేబురుమాల్లో గ్లూకోజ్ బిళ్ళలో చక్కెరో కట్టుకెళ్ళండి, చెమటలు పట్టి వణుకొస్తే వెంటనే నోట్లో వేయండి. మీ ఆయన వస్తానంటే వెనకాల రమ్మనండి.

వంట సంగతి మీరు అక్కకి పాఠం చెప్పొద్దు, ఆవిడకి పని అప్పజెప్పండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2000 కేలరీలు తినే మనిషికి రోజుకి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలూ ఆకుకూరలూ, నూనె నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. బరువు తగ్గాలనుకునే మీకు అంతకంటే తక్కువే సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో నూనె నెలకి మూడున్నర లీటర్లు దాటకూడదన్నమాట, మీ ఇంట్లో ఆరు ప్యాకెట్లు పోతున్నాయని మీరే రాశారు. ఈ లెక్క అక్క ముందు పెట్టి "ఇందులో ఎలా వండాలో నాకు రావట్లేదు, నువ్వే చెప్పు" అనండి. గోంగూర పప్పు, తోటకూర పులుసు, దోసకాయ పచ్చడి, మునక్కాడల చారు, మన వంటలో లేనిదేముంది? ముప్పై ఏళ్ళు వండిన చెయ్యి అది, రెండు చెంచాల నూనెతో వంకాయ కూర ఎలా చేయాలో డైట్ చార్టుల వాళ్ళకంటే తనకే బాగా తెలుసు. ఓట్స్ పేరు మాత్రం ఆవిడ ముందు ఎత్తకండి.

మిగిలిన ప్రశ్నలు రెండు. ప్రొటీన్ పౌడర్ సీల్ తీయకపోతే తిరిగిచ్చేయండి, ఆ డబ్బులకి గుడ్లూ పెసలూ పెరుగూ ఎన్నొస్తాయో లెక్కేసుకోండి. ఇంజెక్షన్ల సంగతి మీ డాక్టరుతో తేల్చుకోవాలి గానీ నాతో కాదు, అవి చీటీ మీద ఇచ్చే మందులు, ఎవరికి పనికొస్తాయో ఆయన చూసి చెప్పాలి. అడిగేటప్పుడు థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయమనండి. మోకాళ్ళ నొప్పులని కూడా రాశారు, వాటి గురించి ఇప్పుడేం చెప్పను, నాలుగు కిలోలు దిగాక మళ్ళీ రాయండి.

అన్నట్టు, నడకకి చెప్పులు కాదు, బూట్లు కావాలి, ఇద్దరికీ. అక్క సైజు తెలుసు కదా అని మీరే కొనేయకండి, ఆ కాళ్ళకి కొలత చూసే కొనాలి, వేళ్ళ దగ్గర చోటుండాలి. సాయంత్రం పూట పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు తీసుకెళ్ళండి. శుక్రవారాలు ఇద్దరూ బీసెంట్ రోడ్డుకి వెళ్ళేవాళ్ళమని రాశారుగా, అక్కడికే వెళ్ళండి. వచ్చేటప్పుడు ఆవిడ ఎలాగూ ఏదో ఒకటి తిందామే అంటుంది. తినండి. ఇద్దరికీ కలిపి ఒక ప్లేటు చెప్పండి.